నెత్తి మీద బల్లి

ఎగైలాలో మాల్ ముందున్న పచ్చికకు సాయంత్రం పూట నీళ్ళు కొడతారు. తడిసిన గడ్డి వాసనా, దాని అడుగున ఇంకా చల్లారని ఇసుక వాసనా కలిసి ముక్కుకు తగిలితే చాలు, కూరగాయల సంచులు పట్టుకుని అక్కడే నిలబడిపోతాను. ఈ కువైట్‌లోనే పెరిగిన పిల్లను కదా, ఆ వాసనకు నాకు పొలాలు గుర్తుకు రావు. నాన్న పనిచేసిన మైదానం గుర్తొస్తుంది. అక్కడ రెండు చలికాలాలు మాత్రమే బతికిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, దాంతోపాటే చెదిరిపోయిన మా కాపురం గుర్తొస్తాయి.

జట్టు యజమాని అమెరికాలో చదువుకుని వచ్చిన కువైటీ. అక్కడ చూసిన ఆట మీద మనసు పారేసుకుని, పక్క దేశాల్లో తనలాంటి పిచ్చివాళ్ళు పెట్టిన జట్లతో పోటీలు కుదుర్చుకుని, జీతాలిచ్చి మరీ అమెరికా నుంచి ఆటగాళ్ళను దింపాడు. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటను ఫుట్‌బాల్ అని ఎందుకంటారో మేముండే అబ్బాసియా పేటలో ఒక్కరికీ అంతుపట్టలేదు. కోనసీమ నుంచి డ్రైవరుగా వచ్చిన నాన్నకు ఆయనే కఫీల్, అంటే నాన్న ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతి, ఆయన చేతిలోనే ఉండేది. ఆ ఇఖామాను పట్టుకునే అమ్మా నేనూ కువైట్‌లో ఉండేవాళ్ళం. జట్టు పెట్టగానే ఆయన నాన్నను సామాన్ల పనిలోకి మార్చాడు.

ఎండలు తగ్గి, మేడ మీద ఆరేసిన దుప్పట్లు చల్లగా తగిలే రోజులు వచ్చేసరికి మా రెండు గదుల ఫ్లాటు చెమట వాసనతో, కొత్త రెక్సిన్ వాసనతో, అమ్మ కుట్టుమిషన్ నూనె వాసనతో నిండిపోయేది. ఆటలో చిరిగిన చొక్కాలను నాన్న మూటగట్టి తెస్తే అమ్మ కుట్టేది, భుజాలకు కట్టుకునే దళసరి అట్టల కవచాలను నేను మేడ మీద ఎండబెట్టేదాన్ని, మెట్ల మీద మా పిల్లలమంతా మేజోళ్ళు ఉండచుట్టి బంతి చేసుకుని ఒకరి మీద ఒకరు పడి ఆడుకునేవాళ్ళం. శుక్రవారాలు ఆట చూడటానికి వెళ్తూ అమ్మ గిన్నెడు పూర్ణం బూరెలు తీసుకొచ్చేది. ఏనుగంత అమెరికా ఆటగాడొకడు వాటిని గుటుక్కున మింగి, వేడి పూర్ణానికి నోరు కాలి ఊదుకుంటూనే మళ్ళీ చెయ్యి చాపేవాడు. అతనికి నేను ఏనుగు మావయ్య అని పేరు పెట్టాను. నా బాల్యంలో మేం ముగ్గురం ఒక్కచోట నవ్విన నవ్వులన్నీ ఆ శుక్రవారాలవే.

రెండో చలికాలం జట్టు వరసగా ఓడిపోయింది. చూడటానికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు. రూపు మారిస్తే రాత మారుతుందనుకున్నాడేమో, యజమాని కొత్త హెల్మెట్లు తెప్పించి, వాటి మీద ఎడారి ఉడుము బొమ్మ వేయించాడు. అరబ్బులకు అది పౌరుషం గల జంతువు. నాన్న తుడవడానికి తెచ్చిన హెల్మెట్‌ను చూసి అమ్మ మాత్రం మొహం మాడ్చుకుంది.

"ఇదేటండీ, నెత్తి మీద బల్లి!"

"బల్లి కాదే, ఉడుము."

"ఏదైతేనేటండీ, పాకేదే కదా. అందరి నెత్తినా అదే ఎక్కించారు. ఆ జట్టుకేదైనా అయితే మన గతేటి?"

నాన్న కసిరాడు. అమ్మ ఏడ్చింది. అమ్మ ఏడిస్తే నాన్న మాట ఎప్పుడు నెగ్గింది గనక. మర్నాడు ఆట మొదలయ్యే ముందు, మైదానం రెండు కొసల్లో ఉన్న గోలు స్తంభాల మొదట్లో నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది పెట్టాడు, ఆట అవగానే తీసేద్దామని.

ఆ రోజే ఏనుగు మావయ్య మోకాలు విరిగింది. అంత మనిషి చిన్నపిల్లాడిలా అరుస్తుంటే అంబులెన్స్ వచ్చింది, అందరితోపాటు నాన్నా ఆసుపత్రికి పరిగెత్తాడు, నిమ్మకాయల సంగతే మరిచిపోయాడు. మర్నాటి పొద్దున గడ్డికి నీళ్ళు పెట్టేవాడి కంట అవి పడ్డాయి. నెత్తురు రంగు అంటిన నిమ్మకాయలు ఇక్కడివాళ్ళకు దిష్టి తీసినవి కావు, సిహ్ర్, చేతబడి. ముందురోజు నాన్నను ఆ స్తంభాల దగ్గర చూసిన కువైటీ కుర్ర ఆటగాళ్ళు సామాన్ల గది గుమ్మం తొక్కమన్నారు.

నాన్న దాచలేదు. మంచి జరగాలనే పెట్టానని వచ్చీరాని అరబ్బీలో యజమానికి చెప్పుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు, పోలీసుల దాకా పోనివ్వలేదు. "నీ మనసు నాకు తెలుసు. కానీ నువ్వు ముట్టుకున్న హెల్మెట్ వాళ్ళిక పెట్టుకోరు. వేరే పని వెతుక్కో, ఇంకో కఫీల్ దగ్గరికి మారేందుకు రిలీజ్ ఇస్తాను. ఖలాస్," అన్నాడట.

కొద్ది వారాలకు జట్టే మూతపడింది. వంటవాళ్ళనూ డ్రైవర్లనూ యజమాని తన మిగతా కంపెనీల్లో సర్దుకున్నాడు. నాన్నను మాత్రం ఎక్కడా పెట్టలేకపోయాడు, నిమ్మకాయల కథ నాన్న కంటే ముందే ప్రతి కంపెనీకీ చేరింది. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో తెలియదు. బయట ఎర్రటి దుమ్ము లేస్తుంటే నాన్న హవల్లీ నుంచి అహ్మదీ దాకా పని కోసం తిరిగేవాడు. తలుపు చప్పుడవగానే అమ్మ ఆయన మొహం చూసి అన్నం పెట్టేది. మేం ఏ రోజు వెళ్ళిపోవాల్సి వస్తుందోనన్న భయంతో నేను బడిలో నీళ్ళు కూడా తాగలేకపోయేదాన్ని. చివరికి ఒక క్లీనింగ్ కంపెనీ నాన్నను తీసుకుంది. ఆ జీతానికి కుటుంబ వీసా ఇవ్వరు.

అమ్మనూ నన్నూ ఊరికి పంపేస్తూ విమానాశ్రయంలో నాన్న నా తల నిమిరి, "ఏడాది ఓపిక పట్టు అమ్మడూ, మళ్ళీ తెచ్చుకుంటా," అన్నాడు. తెచ్చుకోలేకపోయాడు. మా జీవితమంతా ఆ ఏడాదిలోనే గడిచిపోయింది. అమ్మ ఎదురుచూసీ చూసీ పోయింది.

ఇప్పుడు నేనే ఉద్యోగానికి కువైట్ వచ్చాను. ఆ మైదానంలో గోదాములు లేచాయి, అలాంటి జట్టొకటి ఉండేదంటే నమ్మేవాళ్ళు లేరు. నాన్నను, పదిమందికి ఒకే బాత్రూమ్ ఉన్న బ్యాచిలర్ గదిలోంచి, హవల్లీలో నేనుంటున్న ఫ్లాటుకు బలవంతంగా తెచ్చుకున్నాను. తన పెట్టె మంచం కిందికి తోసుకుని, తన కంచం తానే కడుక్కుని, ఎదురుగా సోఫా ఉన్నా గోడవార చాప మీద కూర్చుంటాడు. ఇన్నేళ్ళకు ఒకే కప్పు కిందికి వచ్చాం కదా అని నేను మురిసిపోతున్న మొదటి రోజు పొద్దున్నే, తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి నన్నడిగాడు.

"ఏవమ్మా, ఇప్పుడు నా వంతేనా?"