పనిలేని చిప్పు

శనివారం. పొద్దుటి నుంచీ ముసురు. ఫ్యాను రెక్కలు తుడిచాను.

తరువాత చాలా రోజులుగా అనుకుంటున్న పనికి కూర్చున్నాను. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే బయోస్ అనే ప్రోగ్రాం ఒక చిన్న చిప్పులో ఉంటుంది. కంపెనీ ఇచ్చిన దాని బదులు ఎవరైనా తెరిచి చూసి మార్చుకోగల ఓపెన్ సోర్సుది పెట్టాలని నా ఆశ. ఒకసారి ఆన్ అయ్యాక ఆ చిప్పు తీసినా మిషను ఆగదు గనుక, నడుస్తుండగానే పాత చిప్పు కింద దారం దూర్చి పైకి లాగాను. ఆ చోట ఖాళీ చిప్పు పెట్టి కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. ఎక్కింది.

అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే మా చెల్లెలి భర్త పక్కనే కూర్చుని చూస్తున్నాడు. సంతోషం ఆగక, "ఇంక పాత చిప్పుతో పనిలేదు బావా" అన్నాను.

మిషను ఆపి మళ్ళీ వేశాను. తెర నల్లగా ఉండిపోయింది. రేపు చర్చిలో పంచాల్సిన పాటల కాగితం అందులోనే ఉంది. పాతదే పెట్టేద్దామని చెయ్యి చాపాను. బావ అరచేతిలో చిప్పు ఉంది గానీ, దానికి కాళ్ళు లేవు.

"ఏటి బావా ఇది?"

"జెర్రిలాగుందని ఒక్కో కాలూ ఇరిసేను. పన్లేదని నువ్వే సెప్పేవు కదేటి!" అని పగలబడి నవ్వాడు. "రేపు పాటలు సూడకుండా పాడుకోండి బావా. దేవుడికి ఇనబడితే సాలు."

పాస్టరుగారికి ఇంకా చెప్పలేదు. నెట్ సెంటర్‌లో కూర్చుని బ్లాగులో ఇది రాస్తున్నాను.

బావ తన సెల్‌ఫోను స్పీకరు బాగుచెయ్యమని నా దగ్గరే వదిలి వెళ్ళాడు. దాన్ని విప్పి, ముక్కలన్నీ ఇక్కడ కాగితం మీద పరిచాను. తెలిసినవాళ్ళు చెప్పండి, వీటిలో పనిలేనివి ఏవి?