మంగక్క డిన్నర్ సెట్టూ, నా మసాఫీ దండయాత్రా

వెనక క్యారియర్ మీద గాజు పళ్ళేల పెట్టె, చేతిలో పనిచెయ్యని బ్రేకులు, కాలికి మిగిలిన ఒకే ఒక్క చెప్పు. ఈ అలంకారంతో కొండ మీంచి సైకిలు మీద దిగుతున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మీ తప్పేం లేదండి. ఆ రోజు ఆ రోడ్డు మీద నన్ను చూసింది కొన్ని మేకలూ, ఒక పఠానూ. మేకలు ఎవరికీ చెప్పలేదు. పఠాను మాత్రం కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. ఆయన చెప్పింది మీ చెవిన పడేలోగా, కాస్త పరువుగా ఉండే నా వైపు కథ చెప్పేద్దామని కూర్చున్నాను.

నన్ను సత్తిబాబు అంటారు. కోనసీమ వాణ్ణి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో కార్లకి రంగులేస్తాను. గదిలో నాతోపాటు నెల్లూరు సుభానీ, జగిత్యాల లింగన్న ఉంటారు. సుభానీ మా గ్యారేజీలోనే మెకానిక్కు. లింగన్న పికప్ నడుపుతాడు. నా మాటలంటే ఇద్దరికీ ఎంత గౌరవమంటే, నేను నోరు తెరవగానే ఒకడు ఫోను చూసుకుంటాడు, రెండోవాడు స్నానానికి లేస్తాడు.

మంగక్క గురించి కూడా చెప్పాలి. కరోనా వచ్చిన మొదటి ఏడాది గ్యారేజీ మూసేసి మమ్మల్ని గదిలో కూర్చోబెట్టారు కదా, అప్పుడు మంగక్క షార్జాలోనే ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. మా పక్క ఊరావిడ. ఒకసారి అక్కా అని పిలిచాను, అంతే, అక్క అయిపోయింది. ఆ ఇంటి డ్రైవరు చేత మాకు క్యారేజీలు పంపేది. ముద్దపప్పు, ఎండు రొయ్యల వేపుడు, చింతకాయ పచ్చడి. అతను గేటు బయట పెట్టి, హారన్ కొట్టి వెళ్ళిపోయేవాడు. ఆ హారన్ నా ఒంట్లో ఎక్కడో ఉండిపోయిందండి. ఇప్పటికీ రోడ్డు మీద ఎవరు హారన్ కొట్టినా నాకు ఆకలేస్తుంది. ఈ పొట్టకి కారణం అదే, వేరే ఏం కాదు.

తర్వాత ఆ ఇంటివాళ్ళు ఫుజైరా మారిపోయారు, అక్కా వాళ్ళతో వెళ్ళింది. రెండేళ్ళ కిందట ఒక రోజు ఫోను.

"ఒరే సత్తిబాబూ, ఇంక ఖలాస్‌రా. ఊరెళ్ళిపోతన్నాను. శనివారం ఫ్లైటు. ఒకసారి కనపడి పోండి ముగ్గురూ."

ఏం పట్టుకెళ్ళాలో మేం ఆలోచించుకోనక్కర్లేకపోయింది. అక్క ఎప్పుడూ ఒకటే మాట అనేది: "పువ్వుల అంచు గాజు పళ్ళేలు కడిగీ కడిగీ చేతులు అరిగిపోయాయి గానీ, వాటిల్లో ఒక్క పూట అన్నం తినలేదురా. ఎప్పటికైనా నాకంటూ ఒక సెట్టు కొనుక్కుంటాను." కొనుక్కోనేలేదు. అందుకని ముగ్గురం కలిసి పువ్వుల అంచున్న గాజు డిన్నర్ సెట్టు కొన్నాం. ఇక అది శుక్రవారం సాయంత్రానికి, ఒక్క పెచ్చు కూడా ఊడకుండా, అక్క చేతిలో పడాలి.

"పొద్దుగాల నాకు ఒక ట్రిప్పున్నది. అది కాంగనే ముగ్గురం నా పికప్‌ల పోదాం," అన్నాడు లింగన్న.

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"పికప్పులో కుదుపులకి గాజు నిలుస్తుందేంటి? మీరు వెనకాల రండి. సెట్టు నేను సైకిలు మీద తెస్తాను," అన్నాను.

సుభానీ ఫోను పక్కన పెట్టాడు. అదే నేను సాధించిన మొదటి విజయం.

"యాడికి? ఫుజైరాకా? మధ్యలో కొండలుండాయన్నా."

"కొండలా? కొబ్బరికాయల బస్తా వేసుకుని అమలాపురం నుంచి అరకు దాకా తొక్కిన కాళ్ళివి."

"పోయిన నెల ఈ కాళ్ళతోనే గదిలో టీ గ్లాసులన్నీ తన్నేసినావు."

"అవి నేల మీద పెట్టారు. నా తప్పా?"

"గ్యారేజీలో పెట్టిన కొత్త విండ్ షీల్డూ?"

"అది గోడకి ఆనించారు."

సుభానీ, లింగన్న మొహమొహాలు చూసుకున్నారు. ఆ చూపులో చాలా ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అది నా మీద గౌరవమే అనుకున్నాను. "సరేలే అన్నా, పెట్టె నేనే గట్టిగా ప్యాక్ చేసి ఇస్తా," అన్నాడు సుభానీ. నా సైకిలుకి దిగడానికి బ్రేకు, ఎక్కడానికి గేర్లు, మోయడానికి క్యారియర్ అన్నీ ఉన్నాయి. ఊరెళ్ళిపోతున్న ఒక బెంగాలీ దగ్గర కొన్నాను. గేర్లు ఎలా మార్చాలో నాకు తెలీదు, ఆయనకీ తెలీదు.

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. అరకు నేను రైల్లో వెళ్ళాను. మా కోనసీమలో ఎత్తు అంటే కాలవ మీద వంతెన. రెండు తొక్కులు గట్టిగా తొక్కితే ఎక్కేస్తాం. దిగేటప్పుడు అవతల మా ఇల్లే, గడప తగిలి సైకిలు ఆగిపోయేది. కొండల గురించి నా చదువంతా ఆ వంతెన దగ్గర పూర్తయింది.

శుక్రవారం తెల్లవారుజామున అజాన్ వినపడుతుండగా బయల్దేరాను. దారిలో వచ్చే ధైద్ ఊరి దాకా రోడ్డు నా మాటల్లాగే సాఫీగా సాగింది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దిగి, బాలింతని మంచం దింపినట్టు సైకిలుని దింపి, చెవి పెట్టె మీద పెట్టి వినేవాణ్ణి. ఒక్క గలగల లేదు. ఏం ప్యాకింగ్ చేశాడు మా సుభానీ అనుకుని పొంగిపోయాను. బరువు మాత్రం, ఒక ఏనుగు పిల్ల వెనక కూర్చుని నిద్రపోతున్నట్టుంది.

ధైద్ దాటాక రోడ్డు లేచి నిలబడింది.

మసాఫీ కొండలు దూరం నుంచి చూస్తే అందంగా ఉంటాయి. దగ్గరికెళ్ళి తొక్కితే, పచ్చని మొక్క అన్నది లేకుండా నిప్పుల మీద కాల్చి పెట్టిన వంకాయల్లా ఉంటాయి. ఎండ ఇంకా ముదరలేదు, ఏప్రిల్ నెలే. అయినా నా చెమటకి సైకిలు తుప్పు పడుతుందేమో అనిపించింది. అంతలో చక్రం దగ్గర కిర్రు కిర్రుమని చప్పుడు. వంగి చూస్తే బ్రేకు రబ్బరు చక్రానికి రాసుకుంటోంది.

దొరికింది దొంగ, నన్ను వెనక్కి లాగుతున్నది ఇదే అనుకున్నాను. మెకానిక్కుతో ఒకే గదిలో ఉంటున్నవాణ్ణి కదా, పానా తీసి రెండు బ్రేకుల తీగలూ వదులు చేసి పారేశాను. సైకిలు తేలికైంది. కొండెక్కేవాడికి బ్రేకులెందుకని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మసాఫీ చేరేసరికి నేను తొక్కుతున్నానో, సైకిలు నన్ను ఈడుస్తోందో తెలీని స్థితి. తివాచీలూ కుండలూ అమ్మే బజారు దాటాక, రోడ్డు పక్కన రాతి గోడల మధ్య ఒక తోట కనపడింది. ద్రాక్ష పందిరి. ఆ కాలిన కొండల్లో అంత పచ్చదనం చూసి, స్పృహ తప్పుతున్నానేమో అని గిల్లుకున్నాను. పందిరి కింద నీళ్ళు పెడుతున్న పెద్ద గడ్డం మనిషి లేచొచ్చి, నన్ను కూర్చోబెట్టి, నెత్తిన చెంబెడు నీళ్ళు కుమ్మరించాడు. పేరు ఖాన్, పెషావర్ వైపు మనిషి. మా మాటలు హిందీలో నడిచాయి, మీకోసం తెలుగులో పెడుతున్నాను.

"ఎక్కడికి?"

"ఫుజైరా. మా అక్కకి డిన్నర్ సెట్టు పట్టుకెళ్తున్నాను. రేపు ఊరెళ్ళిపోతోంది."

ఆయన పెట్టె ఎత్తి చూశాడు. ఇంకోసారి ఎత్తాడు. ఊపాడు.

"ఇది గాజా? మోగదే?"

"మంచి గాజు మాట్లాడదు ఖాన్ సాబ్."

"నా పికప్పులో దింపుతాను రా."

"వద్దు సాబ్. మా దేశంలో రోజూ కొండలు దాటి వెళ్ళి కూరగాయలు తెచ్చుకునేవాళ్ళం."

ఖాన్ నా పొట్ట వైపు చూశాడు. పందిరి నుంచి పచ్చి ద్రాక్ష గుత్తులు కోశాడు. "పుల్లగా ఉంటాయి, పండటానికి ఇంకా టైముంది," అన్నాడు. "పులుపే కావాలి సాబ్, మా అక్క చేతిలో పడితే ఇదంతా పచ్చడి," అన్నాను. ఆయన సంచీలో పోసి పక్కన పెట్టాడు. నేను ఆయనకి చాలాసార్లు దండం పెట్టి, సంచీ అక్కడే మర్చిపోయి, బయల్దేరాను.

మసాఫీ దాటగానే రోడ్డు కిందికి దిగుతుంది. మొదట చాలా బావుందండి. తొక్కక్కర్లేదు, చల్లగాలి, అక్కని తలుచుకుని చిన్నగా కూనిరాగం కూడా తీశాను. కాసేపటికి గాలి చల్లదనం ఎక్కువైంది. కరెంటు స్తంభాలు వెనక్కి పరిగెత్తడం మొదలుపెట్టాయి. బ్రేకు పట్టుకున్నాను. బ్రేకు నాకు కరచాలనం చేసి ఊరుకుంది.

అప్పుడు పానా గుర్తొచ్చింది.

మా ఊళ్ళో బ్రేకు లేకపోతే చెప్పు నేలకి రాస్తాం. రాశాను. చెప్పు ఎగిరిపోయింది. రెండోది దాచుకున్నాను, ఎందుకో తెలీదు. మలుపులో ఒక లారీవాడు హారన్ కొట్టాడు. చచ్చిపోతున్న ఆ క్షణంలో కూడా నాకు ఆకలేసింది, ఒట్టు. నా ఎముకల సంగతి తర్వాత, వెనకాల అక్క పళ్ళేలున్నాయి. రోడ్డు పక్కన మేకల దొడ్డి, దాని ముందు గడ్డి మోపులు కనపడ్డాయి. హ్యాండిల్ అటు తిప్పి, చెయ్యి వెనక్కి పెట్టి పెట్టెని వాటేసుకుని కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి గడ్డిలో ఉన్నాను. మేకలు నమలడం ఆపి చూస్తున్నాయి. ముందు చక్రం అప్పడంలా వంగింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. పెట్టె నా గుండెల మీద. చెవి ఆనించి, భయంభయంగా ఊపాను. చప్పుడు లేదు. ఆ కొండల్లో ఆ మేకల ముందు నేను ఏడ్చానండి, ఆనందంతో.

అంతలో పికప్పు ఆగింది. ఖాన్ దిగాడు. ఒక చేతిలో ద్రాక్ష సంచీ, ఇంకో చేతిలో నా చెప్పు.

"నువ్వు వెళ్ళిన తీరు చూసి మనసు ఆగక వెనకే వచ్చాను. దారిలో ఇది కనపడగానే అర్థమైంది," అన్నాడు.

కసురుకోకుండా, నవ్వకుండా సైకిలునీ నన్నూ ఎక్కించుకున్నాడు. పెట్టె మాత్రం నా ఒళ్ళోనే. ఫుజైరాలో అక్క ఉండే వీధి చివర, "ఇక్కడ దింపెయ్యండి సాబ్," అన్నాను. సైకిలు మీద వస్తానన్నవాణ్ణి, ఒకడి పికప్పులో దిగితే బాగుండదు కదా.

వంకర చక్రం సైకిలుని తోసుకుంటూ, యుద్ధం గెలిచిన రాజులా నడిచాను. గేటు ముందు లింగన్న పికప్పు. పెరట్లో, బయటి వంటగది దగ్గర చాప పరిచి ఉంది. సుభానీ, లింగన్న టీ తాగుతున్నారు. వాళ్ళ పక్కన అక్క, ఒళ్ళో ఏదో పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. పువ్వుల అంచున్న గాజు పళ్ళెం.

నేను పెట్టె చాప మీద పసిబిడ్డని దించినట్టు దించాను.

"అదెక్కడిది?" అన్నాను.

"మనం కొన్నదే అన్నా," అన్నాడు సుభానీ, టీ గ్లాసులోకి చూస్తూ.

"మరి నేను తెచ్చింది?"

"విప్పు అన్నా, నీకే ఎరుకైతది," అన్నాడు లింగన్న.

విప్పాను. పేపర్లలో జాగ్రత్తగా చుట్టిన గుండ్రటి పళ్ళేలు. పైపేపరు తీశాను. ఇనుము. మా గ్యారేజీలో కార్లకి మార్చి పారేసిన పాత బ్రేకు డిస్కులు. పెట్టె నిండా అవే.

"తేలిగ్గా ఉంటే నీకు అనుమానం వస్తాదని," అన్నాడు సుభానీ. "ధైద్ దగ్గర్నే ఆగి ఫోన్ చేస్తావనుకున్నాం అన్నా. దేవుడి తోడు, కొండెక్కుతావనుకోలేదు. మేం మసాఫీ రోడ్డంతా నిన్ను యెతుక్కుంటానే వచ్చినాం." నేను ఖాన్ పందిరి కింద ఉన్నప్పుడు దాటిపోయి ఉంటారు.

"ఫోనెందుకు ఎత్తలే అన్నా?" అన్నాడు లింగన్న. వాడి ఫోను తెర నిండా నాకు చేసిన కాల్సే. ఫోను జేబులో చచ్చి ఎంతసేపయిందో నాకేం తెలుసు.

సరిగ్గా అప్పుడు, మళ్ళీ మర్చిపోయిన ద్రాక్ష సంచీ పట్టుకుని ఖాన్ గేట్లోంచి వచ్చాడు. పెట్టెలోకి చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"అందుకే మోగలేదు," అన్నాడు. తర్వాత అందరికీ వినపడేలా, "ఈయన సైకిలుకి బ్రేకుల్లేవు. పెట్టె నిండా బ్రేకులు పెట్టుకుని, బ్రేకుల్లేకుండా కొండ దిగాడు," అన్నాడు.

సుభానీ చాప మీద దొర్లాడు. లింగన్న టీ ఒలకబోశాడు. నవ్వనిది అక్క ఒక్కతే. వచ్చి నా మోకాళ్ళు చూసింది, తడిగుడ్డ తెచ్చి తుడిచింది.

"నాకోసం ఇంత బరువు మోసావంట్రా?"

"గాజనుకున్నానక్కా."

"ఇనుమని తెలిస్తే మోసేవోడివి కాదా?"

నేను మాట తడుముకోవడం మా వాళ్ళు అదే మొదటిసారి చూడటం. అప్పుడు నవ్వింది అక్క. ఆ నవ్వుకి లోపలి నుంచి ఇంటి మేడమ్ కూడా బయటికొచ్చి చూసింది.

ఆ పచ్చి ద్రాక్షలు ఎండుమిరపకాయలతో నూరి అక్క పచ్చడి చేసింది. "ఊరెళ్ళాక వీటిని ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఈ పూట మాత్రం మనం తింటాం," అని పళ్ళేలు పరిచింది. ఖాన్‌కి కూడా వేసింది. ఆయన పచ్చడి తిని, కళ్ళనీళ్ళు కారుస్తూ, మళ్ళీ వేయించుకున్నాడు. అక్క మాతోపాటు చాప మీద కూర్చుంది. పువ్వుల అంచు మీద ఒకసారి వేలు తిప్పి చూసుకుని, అన్నం కలుపుకుంది.

తిన్నాక నేను లేచి, "పళ్ళేలు ఇలా ఇవ్వండి, కడుగుతాను," అన్నాను.

"నువ్వు ముట్టుకోకు," అన్నారు నలుగురూ, పఠానుతో సహా.

కూరగిన్నె వేడిగా ఉందని అక్క దాని కింద ఒక డిస్కు పెట్టింది. "సరిపోయిందిరా," అంది. శనివారం పెట్టె సర్దుకునేటప్పుడు బరువెక్కువైందని ఒక షాంపూ సీసాల కట్ట తీసేసింది గానీ, ఆ డిస్కు తియ్యలేదట.

ఇప్పుడు అక్క అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తుంది. డిన్నర్ సెట్టు అద్దాల బీరువాలో ఉంది, తాళం వేసి. చుట్టాలకి చూపిస్తుంది, ఎవరికీ పెట్టదు. బల్ల మీద, పొగలు కక్కే పప్పుగిన్నె కింద, రోజూ రెండు పూటలా ఉండేది మాత్రం నేను మోసిన ఇనుమే. సుభానీకి ఇది చూపించినప్పుడల్లా వాడు స్నానానికి లేస్తాడు.

కాబట్టి, కోనసీమ కాలవ వంతెన సాక్షిగా, మంగక్క పంపిన క్యారేజీల సాక్షిగా, మసాఫీ మేకల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఊపి చూడకుండా ఏ పెట్టే మొయ్యను. లోపల ఏదైనా పగులుతున్న చప్పుడు వినపడితే, ఆహా, అసలు సరుకే అని గుండెల నిండా సంతోషించి, అప్పుడే సైకిలెక్కుతాను.