పసుపంటిన నోటు

ఆ రోజుల్లో నేను ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టాలంటే మా అక్క పరీక్ష దాటాలి. గుమ్మం దగ్గర నిలబడి నా చొక్కా జేబు మీద అరచేత్తో తట్టి చూసేది. "రుమాలుందా? డబ్బులున్నాయా?" అని అడిగేది. లేవంటే పోపుల డబ్బా అడుగునుంచి ఓ నోటు తీసి, మెంతుల వాసనతో సహా మడిచి జేబులో పెట్టేది. ఊరికి వెళ్ళినా అంతే, సందు చివరికి క్షవరానికి వెళ్ళినా అంతే. ఖాళీ జేబుతో బజారున పడ్డ మగాడూ, బనీను లేకుండా పెళ్ళికి వెళ్ళినవాడూ ఆవిడ లెక్కలో ఒకటే. ఇప్పుడు మా ఆఫీసులో కుర్రాళ్ళు నా పర్సు చూసి నవ్వుతారు. "ఇంకా నోట్లు మోస్తున్నారేంటండీ, కొత్తిమీర కట్ట కొన్నా ఫోనేగా!" అంటారు. ఆ మాట వాళ్ళింకా పలకలు నాకే రోజుల్లోనే నేను అన్నాను. అన్నందుకు ఏం జరిగిందో చెబుతాను, ఆ తర్వాత ఎవరిష్టం వాళ్ళది.

అక్కకి మండపేటలో పెళ్ళయ్యేనాటికే అమ్మా నాన్నా లేరు. నేను రాజమండ్రిలో ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా కుదిరాను. అక్కకి పుట్టిల్లంటే నేను, నేనంటే మేడ మీద ఓ రేకుల గది. (ఆ గదిలో పురుడు పోసుకోమంటే అక్కడి దోమలే ఒప్పుకునేవి కావు.) అందుకని తొలి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. ఆ సంగతి అత్తయ్యగారు, అంటే మా బావగారి తల్లి, ఎవరొచ్చినా చెప్పేవారు. "పుట్టింట్లో జరగాల్సిందేనండి. ఏం చేస్తామండి, వాళ్ళకి కుదర్లేదండి" అనేవారు. ఆవిడ నోట నేను ఒక్క తిట్టు కూడా విన్లేదు. అన్నీ 'అండి' చేర్చి, మెత్తగా, పక్కవాళ్ళకి వినపడేలా అనేవారు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఆ 'అండి'కి ఏం సమాధానం చెబుతాం? ఇంట్లో డబ్బంతా ఆవిడ బొడ్లో దోపుకున్న గుడ్డసంచిలో ఉండేది. మా బావగారు రైసుమిల్లులో లెక్కలు రాసేవారు. ఊళ్ళో ధాన్యం లెక్కంతా ఆయన వేళ్ళ మీద ఉండేదిగానీ, గెడ్డం గీసుకునే బ్లేడు కావాలన్నా "అమ్మా" అంటూ సంచి దగ్గరికి వెళ్ళాల్సిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆఫీసులో జీతం కవర్లు ఆగిపోయాయి. మేనేజరుగారు తలో కార్డు చేతిలో పెట్టి, "ఇకనించి బ్యాంకు మిషన్ దగ్గరికెళ్ళి తీసుకోండయ్యా" అన్నారు. అంతే, నేను భూమికి బెత్తెడు ఎత్తున నడవడం మొదలుపెట్టాను. మా వంశంలో కార్డు పట్టిన మొదటివాణ్ణి నేనే. బస్సుకీ టీకీ సరిపడా చిల్లర తప్ప జేబులో ఏమీ ఉంచుకునేవాణ్ణి కాదు. ఎవరైనా డబ్బు మాటెత్తితే చాలు, పర్సులోంచి కార్డు సగం బయటికి లాగి చూపించేవాణ్ణి. (పూర్తిగా లాగితే అరిగిపోతుందని అనుమానం.) జేబుల్లో నోట్లు కుక్కుకుని తిరిగేది సంతలో పశువుల బేరగాళ్ళేనని టీ కొట్టు దగ్గర ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. విన్నవాళ్ళు నా టీ డబ్బులు నన్నే ఇచ్చుకోమన్నారు.

బారసాల కబురు చెప్పడానికి అక్క మా ఇంటిగలవాళ్ళ ఫోనుకి చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "ఒరే తమ్ముడూ, చీరా గీరా తేకపోయినా పర్లేదు. వాడి గుప్పెట్లో పెట్టడానికి నోటు మాత్రం మర్చిపోకు. ఇక్కడ మేనమామ పెట్టాకే మిగతావాళ్ళు పెడతారట. అందరూ చూస్తార్రా" అంది. ఆ ఇంట్లో అదో పద్ధతి. ఉయ్యాలలో వేసిన బిడ్డ మొహం చూసినవాళ్ళు వాడి చిన్న గుప్పెట్లో నోటు పెట్టాలి. వట్టి చేతులతో చూడకూడదు. బిడ్డకి డబ్బెందుకని అడక్కండి, అది బిడ్డ కోసం కాదు. ఏ వైపు వాళ్ళు ఎంతటివాళ్ళో నలుగురి ముందూ తేలడానికి. అక్క వైపు ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి ఆవిడ పరువంతా ఆ పూట నా జేబులో ఉంది. "నువ్వేం బెంగపడకక్కా, కార్డుంది" అన్నాను. "డబ్బులు కూడా తెచ్చుకోరా" అని పెట్టేసింది.

తెచ్చుకోవచ్చు. రాజమండ్రిలోనే మిషన్ దగ్గర తీసుకుని, బుద్ధిగా బస్సెక్కొచ్చు. కానీ మండపేటలో కూడా కొత్తగా మిషన్ పెట్టారని తెలిసింది. బావగారిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆయన కళ్ళముందే కరకరలాడే నోట్లు రప్పించి, ఆ వేడి మీదే తెచ్చి మేనల్లుడి గుప్పెట్లో పెట్టాలని నా కోరిక. అలా చేస్తే ఆ ఇంట్లో అక్కకి కాస్త గొప్పగా ఉంటుందని కూడా అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. అక్కకో చీర, పిల్లాడికి బట్టలు, ఓ పెట్టెడు పూతరేకులు కొని, మిగిలిన చిల్లరతో ద్వారపూడి మీదుగా వెళ్ళే బస్సెక్కాను. దిగగానే బావగారి స్కూటరు వెనక కూర్చుని "ముందు మిషన్ దగ్గరికి పోనివ్వండి" అన్నాను. దారి పొడుగునా ఆయన చెవిలో నోట్ల కాలం చెల్లిపోయిందని ఊదరగొట్టాను. ఆయన "అవునా బావా, అవునా బావా" అంటూనే ఇంట్లో టైమవుతోందని గేరు మార్చారు.

మిషన్ గదికి గాజు తలుపు. అందులో చూసుకుని తల దువ్వుకున్నాను. అప్పుడు కనిపించింది తలుపుకి అంటించిన కాగితం, లింకు లేదని. పక్కన కుర్చీలో వాచ్‌మన్ కునుకు తీస్తున్నాడు.

"ఎప్పుడొస్తుందండీ?" అన్నాను.

"వచ్చినప్పుడొస్తుందండి."

"అర్జంటండీ. బారసాల."

"దానికి తెలీదు కదండీ" అన్నాడతను, కళ్ళు తెరవకుండానే.

ఆదివారం కాబట్టి పక్కనే ఉన్న బ్యాంకు కూడా మూసేసి ఉంది. నేను బావగారి వైపు చూశాను. ఆయన నా చూపు అర్థం చేసుకుని పాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించారు. ఓ చేతిరుమాలు, మిల్లు తాళాలు. "అమ్మనడగనా?" అన్నారు, మనిషి ఎంత మంచివాడో చూడండి. వద్దని దండం పెట్టాను. (వాచ్‌మన్‌ని అడుగుదామా అని కూడా అనిపించింది. అతను మళ్ళీ నిద్రపోయాడు.)

ఇంటికి వెళ్ళేసరికి పురోహితుడు గారు పేరు పెట్టించడం పూర్తిచేసి, "మేనమామ గారు రావాలండి" అని కేకేస్తున్నారు. ఆడవాళ్ళంతా ఉయ్యాల చుట్టూ మూగి ఉన్నారు. పిల్లాడు ఉయ్యాలలో ఉన్నాడు, పక్కనే అక్క. అక్క నా మొహం చూసింది, తర్వాత నా చొక్కా జేబు చూసింది. అంత దూరంనుంచే ఆవిడకి తెలిసిపోయింది. నేను మాత్రం గొంతు సవరించుకుని లింకు అంటే ఏమిటో ఆ సభకి వివరించడం మొదలుపెట్టాను. డబ్బు ఉందనీ, అది మిషన్లో ఉందనీ, మిషన్‌కి ఎక్కడో తీగ తెగిందనీ చెప్పి, రుజువుగా కార్డు పూర్తిగా బయటికి లాగాను. ఎదురింటి మామ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో గీరి చూసి, "ఇందులో ఏవీ లేదే" అన్నారు. తిరిగి నాకు ఇవ్వబోతూ ఉయ్యాల మీదుగా చెయ్యి చాపారో లేదో, మా మేనల్లుడు ఆ కార్డుని గుప్పెట పట్టేశాడు. లాగితే ఏడుపు లంకించుకున్నాడు. అందరూ విరగబడి నవ్వారు. అత్తయ్యగారు నవ్వలేదు. "ఉంచండి బాబూ, వాడి దగ్గరే ఉంచండి. లింకొచ్చాక పట్టుకెళుదురు గాని" అన్నారు.

అప్పుడు అక్క, "తమ్ముడూ, లోపల వాడి పొడిగుడ్డ ఉంది, ఇటు రా" అంది. పిల్లాణ్ణి బావగారికి అప్పజెప్పి గదిలోకి వచ్చింది. దిండు గలీబులోంచి ఓ నోటు తీసింది. పురిటి స్నానం నాడు అత్తయ్యగారు తాంబూలంతో ఒళ్ళో పెట్టిన నోటది. ఆ ఇంట్లో అక్కకంటూ ఉన్నది అదొక్కటే. నోటు మూలన పెద్ద పసుపు బొట్టుంది. అక్క కొంగు తడిపి దాన్ని రుద్దింది. పసుపు కదా, పోలేదు సరికదా ఇంకాస్త పాకింది. అలాగే మడిచి నా జేబులో పెట్టి, పాత అలవాటు కొద్దీ పైనుంచి అరచేత్తో తట్టింది. ఆ రోజు ఆవిడ నన్ను తిట్టి ఉంటే ఎంత బావుండేదో!

నేను బయటికొచ్చి, "అరె, వెనక జేబులో ఉండిపోయిందండీ" అని నాకు చేతనైనంత సంబరం నటిస్తూ నోటు పిల్లాడి గుప్పెట్లో పెట్టి కార్డు విడిపించుకున్నాను. నోట్లు తీసి సంచిలో వేసే పని అత్తయ్యగారిది. ఆవిడ తీశారు, విప్పారు, మూల చూశారు. నా వైపు తిరిగి ఎంతో గౌరవంగా, "అబ్బాయిగారూ, మీ మిషన్లో నోట్లకి పసుపు కూడా రాసి ఇస్తున్నారాండీ? మంచి పద్ధతేనండి" అన్నారు. తెలియనివాళ్ళు అదేదో సరసమనుకుని నవ్వారు. బావగారు చెప్పులు వెతుక్కునే మిషతో బయటికి వెళ్ళిపోయారు. అక్క ఉయ్యాలలోకి వంగి పిల్లాడి బట్ట సర్దుతూ ఉండిపోయింది. ఆ బట్ట ఎంతసేపు సర్దినా సర్దడం అవలేదు. భోజనాల దగ్గర అత్తయ్యగారు స్వయంగా వచ్చి పూతరేకు వడ్డించి, "తినండి బాబూ, ఇవి మాత్రం మీరు తెచ్చినవే కదా" అన్నారు.

మర్నాడు రాజమండ్రిలో మిషన్ గలగలలాడుతూ కొత్త నోట్లు చేతిలో పోసింది. అక్కడే నిలబడి దాన్ని కాలితో తన్నాలనిపించింది. తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆ నోట్లు పిల్లాడి చేతిలో పెడితే, "మళ్ళీ ఎందుకండి, ఆ రోజు పెట్టారుగా" అంటూనే అత్తయ్యగారు సంచిలో వేసుకున్నారు. ఆ ఇంట్లో నా పేరు మిషన్ అబ్బాయిగారుగా స్థిరపడింది. నన్ను ఎన్ననుకున్నా పడేవాణ్ణి. అక్క డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా, గాజులు వేయించుకోవాలన్నా, "మీ తమ్ముడి మిషన్ ఉందిగా అమ్మాయ్" అనేవారట. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత నేను ఎప్పుడు మండపేట వెళ్ళినా అక్క ఏదో వంకన బస్టాండుకి ఎదురొచ్చేది. చెయ్యి చాపి నా జేబు తట్టి చూసి, అప్పుడు ఇంటికి తీసుకెళ్ళేది. నాకు నడివయసు వచ్చి జుట్టు నెరిశాక కూడా అందరి ముందూ తట్టేది.

అత్తయ్యగారికి ఎప్పుడో ఒకనాడు తగిన సమాధానం చెప్పాలని చాలా ఏళ్ళు నేను మనసులో సానబెట్టుకున్నాను. ఆ రోజు కూడా వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో పాలవాడికీ ఫోనే, మందుల కొట్టుకీ ఫోనే. మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది. వాడు నోటు ముట్టుకోవడం నేను చూడలేదు. మొన్న నేను వెళ్ళేసరికి అత్తయ్యగారు వసారాలో నులక మంచం మీద పడుకుని ఉన్నారు. బొడ్లో సంచి అలాగే ఉంది. అందులో ఇంకేమీ లేదని దూరంనుంచే తెలుస్తోంది. కోడలు పెట్టింది తింటున్నారు, మనవడు కొన్న మందులు వేసుకుంటున్నారు, ఏ లోటూ లేదు. అయినా నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, లోపలికి వినపడకుండా అన్నారు.

"బాబూ, ఓ నోటుంటే ఇటు పెట్టండి. చూడ్డానికొచ్చినవాళ్ళు పిల్లల్ని తెస్తారు. వాళ్ళ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏవీ ఉండదు. వీళ్ళనడిగితే ఫోన్లో కొట్టేస్తాం అంటారండి. పిల్లకి ఫోన్లో కొట్టేదేంటండీ?"

ఇన్నేళ్ళుగా సానబెట్టిన మాట నాలుక చివరికి వచ్చేసింది. "లింకు లేదండి అత్తయ్యగారూ." అనేశాను కూడా. వినపడిందో లేదో, ఆవిడ చాపిన చెయ్యి మాత్రం అలాగే ఉంచారు. ముడతలు పడ్డ ఖాళీ అరచెయ్యి. ఇంతకాలం మోసిన కసి ఆ చెయ్యి ముందు ఎందుకూ పనికిరాకుండా పోయింది, ఆ సంగతికి కూడా కోపమే వచ్చింది నాకు. పర్సు తీసి ఓ నోటు ఆవిడ గుప్పెట్లో పెట్టాను. ఆవిడ దాన్ని వెంటనే సంచిలో వేసుకోలేదు. వెలుతురుకి ఎత్తిపట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి, నాలుగు మూలలూ చూశారు.

"పసుపు లేదండి. అయితే మీదేనండి" అన్నారు.

ఆ ఇంట్లో నేను మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదలు. ఆవిడా నవ్వారు, నోట్లో పళ్ళు లేవు. లోపల్నుంచి అక్క, "ఏంట్రా, ఏంటి?" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏమీ లేదన్నాను. తిరిగొస్తూ బస్సు కిటికీ అద్దంలో నా నెరిసిన తల కనిపిస్తుంటే, ఇలాగే ఓ గాజు తలుపులో చూసుకుని తల దువ్వుకున్న కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, ఎంత శ్రద్ధగా పాపిడి తీసుకున్నాడో వెధవ.