నాయన పేరు నింపిన రెండు పేజీలు

మా నాయన కృష్ణయ్య గురించి ఎవరైనా "పాపం, మెత్తని మనిషి" అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అందరికంటే ముందు ఆయన్ని అట్లా లెక్కగట్టిందాన్ని నేనే కాబట్టి ఇంకా ఎక్కువ మండుతుంది.

నాయనది మహబూబ్‌నగర్ జిల్లా. పట్నం వచ్చి తాపీ పట్టాడు. ఐదేళ్లలో పదిమందికి పని చూపించే మేస్త్రీ అయ్యాడు. చిక్కడపల్లి సందులో ఒక అపార్ట్‌మెంటు కడుతుండగా మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము పోయింది. కాంట్రాక్టరు ఆసుపత్రికి ఒక్కసారి వచ్చి, ఆ బిల్డింగుకే వాచ్‌మన్‌గా ఉండమని చెప్పి చేతులు దులుపుకున్నాడు. తన చేతులతో కట్టిన మెట్ల కింద, ఒక్క మంచం పట్టే గదిలో, నాయన, అమ్మ బాలనాగమ్మ, నేను ఉండేవాళ్లం. ఎవరు మెట్లు దిగినా మా నెత్తి మీద దిగినట్టే ఉండేది.

అయినా ఆ గది ఉండబట్టే నా చదువు సాగింది. డిగ్రీ అయ్యాక, తొంభై ఆరులో, బ్యాంకు పరీక్ష కోసం అశోక్‌నగర్‌లో లక్ష్మయ్య సారు దగ్గర కోచింగ్‌లో చేరాను. అందరం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే, ఇంగ్లీషంటే వణుకే. సారుకు ఒక పద్ధతి ఉండేది. రోజూ ముప్పై ఇంగ్లీషు మాటలు ఇచ్చేవాడు. ప్రతి మాట పక్కన మీకు తెలిసిన మనిషి పేరు తెలుగులో రాసుకోమనేవాడు.

"మాటను మర్చిపోతరు. మనిషిని మర్చిపోరు," అనేవాడు.

ఒకరోజు దిగులు మాటలు ఇచ్చాడు. గ్లూమీ, డిజెక్టెడ్, మొరోస్, డెస్పాండెంట్. మర్నాడు చితికిపోయిన బతుకుల మాటలు. డిక్లైన్, డౌన్‌ఫాల్, రూయిన్. నేను క్షణం కూడా ఆలోచించలేదు. కృష్ణయ్య, కృష్ణయ్య, కృష్ణయ్య అంటూ రెండు పేజీలు నింపేశాను. ఇంకెవరున్నారు మరి? రెండో అంతస్తులో భానుప్రకాశ్ అని అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ ఉండేవాడు. చిన్న తప్పు దొరికితే చాలు, "రేపే రూము ఖాళీ చెయ్" అనేవాడు. ఒకసారి కారు మీద దుమ్ముందని నా ముందే నాయనను "నీకంటే కుక్క నయం" అన్నాడు. నాయన "సరే సార్" అని గుడ్డ తెచ్చి తుడిచాడు.

ఆ పూట అన్నం ముందు కూర్చుని నేను అరిచాను.

"నీకు సిగ్గనిపిస్తలేదా నాయినా? ఒక్క మాటన్న ఎదురు అనరాదా?"

"తిను బిడ్డా, సల్లారుతది," అన్నాడు.

అంతే! ఆ రోజు నాకు ఆయన మీద జాలి కూడా కలగలేదు. అసహ్యమేసింది. దాచుకోవడం ఎందుకు?

నాయనకు ఇంగ్లీషు రాదు గానీ, ఊళ్లో రాత్రిబడికి పోయి నేర్చుకున్న తెలుగు అక్షరాలున్నాయి. ఒకరోజు నేను లేనప్పుడు గది ఊడుస్తుంటే నా నోట్‌బుక్కు కిందపడి తెరుచుకుంది. చూస్తే తన పేరు. దాని కింద మళ్లీ తన పేరే. మా సందులో ముసలమ్మలు అరుగుల మీద కూర్చుని పుణ్యం కోసం రామకోటి రాసేవాళ్లు. నాయన రోజూ చూసేవాడు. పరీక్ష పాసు కావాలని బిడ్డ తన పేరు అట్లా రాసుకుంటోందనుకున్నాడు, పిచ్చి మనిషి.

నేను కోచింగ్ నుంచి వచ్చేసరికి గేటు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. నాయన ముఖం వెలిగిపోతోంది. రెండు చేతులతో నోట్‌బుక్కు పట్టుకుని భానుప్రకాశ్‌కు అందిస్తున్నాడు.

"నా బిడ్డ రామకోటి రాసినట్టు నా పేరు రాసింది సార్. పక్కన ఇంగ్లీషుల ఏమున్నదో జర సదివి చెప్పుండ్రి."

నేను పరుగెత్తాను. అప్పటికే భానుప్రకాశ్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"డిజెక్టెడ్ అంటే డీలా పడ్డోడు, కృష్ణయ్య. మొరోస్ అంటే ఏడుపుముఖం, కృష్ణయ్య. రూయిన్ అంటే సర్వనాశనం, కృష్ణయ్య."

ఒక్కో మాటా పై అంతస్తులకు వినపడేలా చదివాడు. ఆఖర్న పగలబడి నవ్వుతూ, "నీ బిడ్డ నిన్ను బాగనే చదివిందయ్యా!" అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు.

ఓరి నీ చదువు తగలెయ్య! బుక్కు మూసి చేతికిచ్చేస్తే నీ సొమ్మేం పోయేది? "నీ మీద ప్రేమతో రాసింది" అని ఒక్క అబద్ధం చెబితే నీ నోరు పడిపోయేదా? ఆయన్ని ఇంత తిడుతున్నాను గానీ, ఆ మాటలు రాసిన చెయ్యి మాత్రం నాదే. దాన్నేం చెయ్యను?

నాయన బుక్కు తీసుకుని, అట్ట తుడిచి నాకిచ్చాడు. గదిలోకి వచ్చాక, సారు రాయమన్నాడని, పరీక్ష కోసమేనని చెప్పబోయాను.

"నువ్వు రాసింది తప్పు బిడ్డా," అన్నాడు. గొంతు పెంచలేదు. "నాకు దిగులు లేదు. కోపమున్నది. ఆ కాంట్రాక్టరు మీద ఉన్నది, గీ సెక్రటరీ సారు మీద ఉన్నది. ఎన్నిమార్లు గడ్డపార చేతిల పట్టుకున్ననో నీకెరుకనా? నేను ఒక్క మాట జారితే తెల్లారి గీ రూము పోతది. రూము పోతె నీ సదువు పోతది. అందుకే నోరు మూసుకున్న. నీ పరీక్ష ఎన్నడు?"

"వచ్చే ఆదివారం. నారాయణగూడల."

"గప్పటిదాంక మూసుకుంట."

బయట కారు హారన్ మోగింది. భానుప్రకాశ్ బజారుకు పోతున్నాడు, గేటు తియ్యాలి. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"నువ్వు పోవద్దు నాయినా. నేను పోయి నాలుగు అడిగొస్త."

నాయన నా భుజం పట్టుకుని పక్కకు జరిపాడు. నడుము మీద చెయ్యి వేసుకుని వెళ్లి, తల వంచుకుని గేటు తీశాడు. "పొయ్యిరండ్రి సార్," అన్నాడు.

కారు సందు మలుపు తిరిగాక నాయన నా వైపు తిరిగాడు. ఆ ముఖం చూసి, కన్నకూతుర్ని, నాకే భయమేసింది.

"సదువుకో పో," అన్నాడు.