మందు కొట్టని బియ్యం

ఇప్పుడు దుకాణాల్లో ఆకుపచ్చ అక్షరాలతో 'ఆర్గానిక్' అని రాసిన సంచులు వరసగా నిలబెడుతున్నారు. వాటి ముందు ఆగి, ఏది కొంటే మంచిది, ఏది మామూలుది చాలు అని తర్జనభర్జన పడే ఆడవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, వాళ్ళ తప్పేమీ లేదు. ఆ మాట మా చెవిన పడకముందే మా అమ్మ ఆ ఆలోచనలన్నీ చేసింది, ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా రెండు గదుల రైల్వే క్వార్టర్‌లో కూర్చుని. నాన్నని బతికించుకోవడానికి చేసింది. అందుకే నాకు ఆ సంచులంటే పడదు.

తొంభైల మొదట్లో మాట. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైర్మెంటు దగ్గర పడుతోందనగా కడుపులో నొప్పి మొదలైంది. గ్యాసన్నారు, పుండన్నారు, చివరికి కలకత్తా తీసుకెళ్ళమన్నారు. అక్కడ పెద్ద డాక్టరు ఫిల్ములు వెలుతురుకి ఎత్తి చూసి, నాన్నని బయట బల్ల మీద కూర్చోమని, అమ్మకీ నాకూ బెంగాలీలో మెల్లగా చెప్పాడు. కోసినా ప్రయోజనం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి, ఆయనకి ఏది తినాలనిపిస్తే అది పెట్టండి, అన్నాడు. అమ్మకి బజారులో బేరమాడేంత బెంగాలీయే వచ్చు. చివరి మాట మాత్రం బాగా అర్థమైంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, "సూసినావా, ఆ డాక్టరు కూడా అంతా తిండిమీదే ఉన్నాదన్నాడు" అంది.

"అమ్మా, డాక్టర్లు అలా అన్నారంటే దానర్థం..." అని నేను మొదలుపెట్టానో లేదో, "నోర్ముయ్. నాకు తెల్దేటి" అని అటు తిరిగిపోయింది. నాన్న ఎదురు సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం.

పక్క క్వార్టర్‌లో ఒక బెంగాలీ దాదా ఉండేవాడు. పేపరు అక్షరం వదలకుండా చదివి, అందులోని భయాలన్నీ మా వరండాలోకి మోసుకొచ్చేవాడు. మంచివాడే, నాన్నంటే ప్రాణం, అమ్మని బౌది అని, అంటే వదినా అని, పిలిచేవాడు. ఒకరోజు నాన్నని చూసి బయటికొచ్చి, "బౌది, ఈ రోజుల్లో కూరగాయలన్నీ విషం. పురుగుని చంపే మందు మనిషి కడుపుని వదుల్తుందా" అన్నాడు, తనకొచ్చిన తెలుగులో. ఆయన అనేసి చాయ్ తాగి వెళ్ళిపోయాడు. అమ్మకి మాత్రం ఆ మాట చెవిలో జోరీగైపోయింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో కూరగాయలకి కులాలొచ్చాయి. తొక్క తీసి పారేసేవి, అంటే గుమ్మడికాయ, అరటికాయ, కొబ్బరికాయ లాంటివి, బజారువైనా ఫరవాలేదు. ఆకుకూరలు మాత్రం తెలిసిన చేతిమీదుగానే రావాలి. దొండకాయ లాంటి పర్వల్ అసలు గుమ్మం తొక్కకూడదు, దానికి పచ్చరంగు వేస్తారట. అన్నిటికన్నా పెద్ద పాపిష్టిది గోబీపువ్వు. దాని పొరల్లో మందు దాక్కుంటుందనీ, ఉప్పునీళ్ళలో ముంచినా పోదనీ దాదా చెప్పాడు. ఖరగ్‌పూర్ చలికాలంలో గోబీ లేని ఇల్లు ఉంటుందా? బజారు నిండా గుట్టలు పోసి ఉండేవి. నాన్నకి బంగాళదుంప వేసి వండిన గోబీకూరంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

ఒకసారి అడిగాడు కూడా. "ఒలే, ఒక్క పూట గోబీ వండకూడదేటే?"

"వొద్దు. అందులో మందుంటాది."

"ముప్పై ఏళ్ళు నూనె మరకల సేతుల్తో రొట్టె తిన్నోణ్ణి. నాకా మందు ఎక్కుతాదేటి" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆ పూట గుమ్మడికాయ పెట్టింది, ఆయన తిన్నాడు, బాగుందన్నాడు.

నేనప్పుడు ఒక చిన్న తెలుగు బడిలో టీచరుని. బడి నుంచి వచ్చి సైకిలు గోడకి ఆన్చేలోపే అమ్మ సంచీ చేతికిచ్చేది. నా బుర్రంతా మండిపోయేది. "డాక్టరు ఏది అడిగితే అది పెట్టమన్నాడు కదా, ఆయన అడిగింది పెట్టకుండా ఏమిటీ చాదస్తం" అని అరిచేదాన్ని. "నీకు పెళ్ళయి, నీ మొగుడు మంచానపడితే అప్పుడు సెప్పు" అనేది. నేను సంచీ లాక్కుని మళ్ళీ సైకిలెక్కేదాన్ని.

పూరీ గేట్ దగ్గర కూరలమ్మే ఒకామె ఉండేది, మాషీ అని, అంటే పిన్నీ అని, పిలిచేవాళ్ళం. పెరట్లో పండించిన నాలుగు కూరలు గోనె మీద పరుచుకుని కూర్చునేది. అమ్మ ఆమె ముందు గొంతుక్కూర్చుని వంకాయ వంకాయా తిప్పి చూసి, "పోకా ఆఛే తో?" అని అడిగేది. పురుగుందా అని. ఆమె మొదట్లో గింజుకునేది, తన వంకాయల్లో పురుగేమిటని. అమ్మ మంచివన్నీ పక్కన పెట్టి పుచ్చువి ఏరుకోవడం చూసి తెల్లబోయింది. పురుగు తిన్నదంటే మందు లేనట్టే కదా, అదీ అమ్మ ధీమా. నాలుగు వారాలు తిరిగేసరికి మాషీకి సంగతి బోధపడింది. పుచ్చువన్నీ వేరే బుట్టలో దాచి, అమ్మ కనబడగానే "దీదీ, పోకా ఆఛే" అని కేకేసి, మంచివాటికన్నా ఎక్కువ ధర చెప్పేది. వెర్రి వెయ్యి విధాలంటారు, మా అమ్మది పుచ్చు విధం అని నేను నాన్నతో అంటే, పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వినందుకు నొప్పొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వంకాయల ముచ్చటా ఎంతోకాలం సాగలేదు. దాదాయే మళ్ళీ పేపరు మడిచి పట్టుకొచ్చి, ఇప్పటి పురుగులు మందుకి అలవాటు పడిపోయాయట బౌది, మందు తాగి కూడా బతుకుతున్నాయట, అన్నాడు. అమ్మ ఆ రోజు వంకాయలన్నీ తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పోసింది. ఆ తర్వాత పాలు పోయాయి. ఎదురుగా నిలబడి పిండించుకునే గేదెపాలు కదా, వాటికేం భయం అనుకుంది. ఒకరోజు బజారు వెనక ఆ గేదె తాపీగా నిలబడి, పారేసిన గోబీ ఆకులు నములుతుంటే కళ్ళారా చూసింది. ఇంటికొచ్చి, "అది గోబీ తింటాది, దాని పాలు మనం ఆయనకి తాగిస్తున్నాం" అని నుదురు కొట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూసి నవ్వలేకపోయాను.

ఒక్కొక్కటే పోగా చివరికి బియ్యం మిగిలాయి. వాటిమీద అమ్మకి కొండంత నమ్మకం. "రెండు పూటలా కడుపులోకి ఎల్లేది కూడే. అదొక్కటి మంచిదైతే సగం రోగం తగ్గినట్టే. కొంటే దాన్నే కొనాల, మిగతాయి ఎలాగుంటే ఏటి" అని తేల్చేసింది. ఆ బియ్యం శ్రీకాకుళం జిల్లాలో మా మామయ్య పండించేవి. అమ్మ సొంత తమ్ముడు. అమ్మ డబ్బు మనియార్డరు చేస్తే, ఆయన మూట కట్టి, మావైపు నుంచి వచ్చే రైల్వేవాళ్ళెవరి చేతో పంపేవాడు. పుట్టింటి పొలం, పుట్టింటి చెయ్యి. దానిని అనుమానించడం అమ్మకి తెలియదు.

మా పొయ్యి మీద రెండు గిన్నెలుండేవి. ఒకటి నాన్నకి, ఊరి బియ్యం. ఒకటి మాకు, రేషను బియ్యం, ఉడుకుతుంటేనే ముక్కిపోయిన వాసన. మా గిన్నెలో గరిటె నాన్న గిన్నెలో పెట్టకూడదు. ఇంత చేసినా నాన్న చొక్కా నెలనెలా వదులవుతూనే వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, నీళ్ళు తాగి మింగేవాడు. కంచం ఖాళీ చేసేవాడు. అమ్మ ఖాళీ కంచం నాకు చూపించి, "సూడు, తింటున్నారు" అనేది. తర్వాత ఆయన పెరట్లోకి వెళ్ళి కక్కుకోవడం నేను చాలాసార్లు విన్నాను. అమ్మ కూడా వినే ఉంటుంది.

జబ్బు పేరు అమ్మ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు బయటికి పొక్కితే నాకు సంబంధాలు రావని భయం. ఉత్తరాల్లో బియ్యం పంపమని తప్ప మరో మాట రాయించేది కాదు. అయినా ఎవరో రైల్వేవాళ్ళే ఊరెళ్ళినప్పుడు చెప్పేశారు. మామయ్య చెప్పా పెట్టకుండా దిగిపోయాడు, భుజాన మరో బియ్యం మూటతో.

లోపలి గదిలో మంచం మీద నాన్నని చూసి, కాసేపు "బావా" అని కాళ్ళ దగ్గర నిలబడి, బయటికి వచ్చేశాడు. అమ్మ ఆయన్ని వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. తమ్ముడు వచ్చాడని నాన్న గిన్నెలోంచి తీసి ఆయనకి వడ్డించబోయింది.

మామయ్య కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకా రెండో గిన్నిలోది పెట్టప్పా."

"అది రేషన్ బియ్యంరా, నీ గొంతు దిగదు. ఇయి నీ బియ్యమే. ఆయనకే ఒండుతున్నాను. మందు కొట్టనివి కదా, ఆయనకి మంచిదని."

మామయ్య తల దించుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆ మనిషి తన బియ్యం తను ఎందుకు తినడో నాకు అంతుపట్టలేదు. "ఏమైంది మామయ్యా?" అని అడిగాను.

"మందు కొట్టనివని ఎవులు సెప్పినారప్పా నీకు?" అన్నాడు అమ్మతో, నా వైపు చూడకుండా.

"ఒకళ్ళు సెప్పాలేటి. మన పొలంలోవి కావేటి?"

"మన పొలంలోవే. మా ఇంటి తిండికి బావి కింద మడి ఒకటుంచినాం. దాన్లో పేడెరువే, ఇంకేటీ ఎయ్యం. ఇయి ఆ మడివి కావు. రోడ్డు పక్క మడివి, అమ్మకానికేసినాం. గుళికలు జల్లినాం. మందు కూడా కొట్టినాం."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. "నాకు అమ్మకం మడివి పంపినావేటిరా?"

"నువ్వు డబ్బు పంపుతావు కదప్పా. కొనీవోళ్ళకి కొలిసినట్టే కొలిసినాం. పట్నపోళ్ళు, తెల్లగుంటే సాలనుకున్నాను. బావకోసమని ఒక్క ముక్క రాసుంటే..." అని ఆగిపోయాడు. రాయలేదు కదా. ఆ తప్పు ఎవరి మీద వెయ్యాలో ముగ్గురికీ తెలియలేదు. నాకు మాత్రం ఆ కంచం తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది.

అమ్మ మామూలుగానే అడిగింది. "నేనెప్పుడు కొనుక్కునీదాన్నయిపోయినానురా?"

మామయ్య మా గిన్నెలోంచి తనే వడ్డించుకున్నాడు. "ఊరెళ్ళి ఆ బావి మడివి పంపుతానప్పా" అన్నాడు. ఆ వెంటనే, అబద్ధమాడటం చేతకాని మనిషి కాబట్టి, "అయినా అదేటి పెద్ద మంచిది? పై మడిలో మందు జల్లిన నీళ్ళే కదా దాన్లోకి దిగుతాయి. నాకు తెలిసి మందు తగలని గింజ ఇప్పుడెక్కడా లేదు" అన్నాడు. రేషనన్నం నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, వరండాలోకి వెళ్ళి బీడీ ముట్టించుకున్నాడు.

నాన్నకి అన్నం పెట్టే వేళ అయింది. అమ్మ కంచం తీసుకుంది. ఆయన గిన్నె వైపు చూసింది, మా గిన్నె వైపు చూసింది. కంచం కింద పెట్టేసింది. చెంగుతో చేతులు తుడుచుకుని లోపలి గదిలోకి వెళ్ళి, నాన్న మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. నాకు అప్పుడే తట్టింది, కలకత్తా నుంచి వచ్చాక అమ్మ ఆ మంచం మీద ఒక్కసారి కూడా కూర్చోలేదని. ఎప్పుడూ నిలబడే ఉండేది, చేతిలో గ్లాసో కంచమో పట్టుకుని, లేదంటే బజారులో ఉండేది. ఇప్పుడు చేతుల్లో ఏమీ లేదు.

నాన్న కళ్ళు తెరిచి ఆమెని కాసేపు చూశాడు.

"ఒంటయిపోనాదేటి?"

"లేదు."

"మరి కూకున్నావు?"

నాన్న చెయ్యి జరిపి ఆమె చెయ్యి మీద వేశాడు. "అయితే ఆ డాక్టరు సెప్పింది నీకు ఇయ్యాళ అర్థమయిందన్నమాట" అన్నాడు.

"మీకు తెల్సేటి?"

"తలుపు తెరిసే ఉన్నాది కదే. నేనా బయట బల్లమీదే ఉన్నాను."

"మరి నేను పెట్టిందల్లా ఎందుకు తిన్నారు? మీరడిగింది ఒక్కటీ పెట్టలేదు కదా."

నాన్న ఊపిరి కూడదీసుకున్నాడు. "తినకపోతే నువ్విలగ కూకుండిపోతావని" అన్నాడు.

అమ్మ అప్పుడు ఏడ్చింది. నాన్న ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఆ రోజుల్లో ఆయన ఏమీ తినలేదు, అమ్మ తినమని అడగలేదు.