గుమ్మం ముందు ఆగిపోయిన ఆట

మా ఆయన ఏలూరులో మా ఇంటినుంచే ఒక వీడియో గేముల కంపెనీకి పనిచేస్తారు. ఆ కంపెనీది తెలుగులో మాట్లాడే ఒకే ఒక్క ఆట, భాగాలు భాగాలుగా ఎన్నో ఏళ్లనుంచి వస్తోంది. కాలేజీ రోజుల్లో మొదటి భాగం ఆడి, ఆ పిచ్చితోనే ఆయన ఉద్యోగంలో చేరారు. తాడేపల్లిగూడెం నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో నేను సరదాపడి, "నాకూ నేర్పండి" అన్నాను. "మొదటి భాగం నుంచీ ఆడితేగాని ఏమీ అర్థం కాదు. నీకెందుకులే," అన్నారు. ఏడేళ్లుగా, నేను పాఠాలు చెప్పే బడి నుంచి రాగానే ఆయన పనిచేసుకునే గదికి టీ మోసుకెళ్లడమే నా పని. ఆయన చెవులకి హెడ్‌ఫోన్స్, చూపు తెర మీద. బల్ల మీద పెట్టమని వేలితో చూపిస్తారు. ఆ వేలంటే నాకు ఒళ్లు మంట.

కిందటేడు కంపెనీకి బెంగ పట్టుకుంది. పాతవాళ్లు తప్ప కొత్తవాళ్లెవరూ ఆట జోలికి రావడం లేదట. రాబోయే భాగం ఎప్పుడూ ఆడనివాళ్లకి కూడా సులువుగా ఉండాలి, ఆ బాధ్యత మా ఆయనది. ఓ ఆదివారం చర్చి నుంచి రాగానే, "ఇలా వచ్చి కూర్చో, ఆడుదువుగాని," అన్నారు. చీర కూడా మార్చుకోకుండా పరుగెత్తాను. పెళ్లిచూపుల నాడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆయన తెర మీద బొమ్మను నడిపించే కంట్రోలర్ నా చేతికిచ్చి, నా వెనక కుర్చీ వేసుకుని నోట్‌బుక్ తెరిచారు. "నేనేం చెప్పను. చెప్పకూడదు. నువ్వెక్కడ ఆగిపోతావో చూడడమే మా పని," అన్నారు. నన్ను పిలిచింది ఆటకి కాదు, పరీక్షకని అప్పుడు అర్థమైంది.

తెర మీద ఓ చెరువు, గట్టున ఓ ఇల్లు, బార్లా తెరిచిన తలుపు. లోపల ఓ ముసలావిడ పొయ్యి మీద ఏదో కలుపుతోంది. నా బొమ్మను గుమ్మం దాకా నడిపించి ఆగాను. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. వెనక పెన్ను చప్పుడు. చివరికి ఆయనే నియమం తప్పి, "లోపలికి వెళ్లవేం?" అన్నారు.

"ఆవిడ పిలవలేదు కదండీ."

ఆయన పగలబడి నవ్వారు. ఈ ఆటలో ఎవరింట్లోకైనా చొరబడొచ్చునట, పెట్టెలు తెరిచి దొరికింది పట్టుకుపోవచ్చునట. మొదటి భాగం నుంచీ అంతేనట. నాకెలా తెలుస్తుంది? పెంటపాడులో సొంత పిన్ని ఇంటికి వెళ్లినా వాకిట్లో నిలబడి "పిన్నీ" అని పిలిచి, ఆవిడ రమ్మన్నాకే చెప్పులు విప్పేవాళ్లం. నాకు కోపమొచ్చింది. "కొల్లేటి పక్కన మా బడిలో ఒకటో తరగతి పిల్లలు మొదటిరోజు గేటు దగ్గరే ఆగిపోతారండీ. నేనే ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను. మీ ముసలావిడకి లేచొచ్చి 'బయటే నిలబడ్డావేం తల్లీ, లోపలికి రా' అనడానికి ఏం నొప్పండీ?" అన్నాను. ఆయన నవ్వు ఆపి, ఆ మాట గబగబా రాసుకున్నారు.

ఆ వారం ఆయన ఆన్‌లైన్ మీటింగులో కంపెనీవాళ్లకి చెబుతుంటే టీ పట్టుకుని గుమ్మంలో విన్నాను. "మా ఆవిడ పావుగంట అక్కడే నిలబడిపోయిందండీ!" అని ఒకటే నవ్వు. నన్ను చూసి, వేలితో బల్ల చూపించారు.

ఆట విడుదలైంది. కొత్తవాళ్లు బోలెడుమంది చేరారట. ముసలావిడ పిలుపు ఎంత బాగుందోనని అందరూ మెచ్చుకుంటున్నారని, తణుకులో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్‌లో చెప్పుకున్నారు. ఆ మాట ఎవరిదో చెప్పలేదు. పోనీలే అనుకున్నాను. ఇప్పుడైనా నన్ను ఆడుకోవడానికి పిలుస్తారని ఎదురుచూశాను. పిలవలేదు.

మొన్న సెలవునాడు ఆయన బజారుకి వెళ్తే, నేనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. అదే చెరువు, అదే ఇల్లు. ముసలావిడ గరిటె పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది. "బయటే నిలబడ్డావేం తల్లీ, లోపలికి రా." అక్షరం పొల్లుపోకుండా నా మాటే. ముక్కూ మొహం తెలియనివాళ్లందరినీ నా మాటతో లోపలికి పిలిచిన మనిషి, నన్ను ఒక్కసారి పిలవలేకపోయాడు. ఏడుపొచ్చింది. బొమ్మను ముందుకి నడిపించలేకపోయాను.

గేటు చప్పుడైంది. ఆయన గదిలోకి వచ్చి, నన్ను చూసి గతుక్కుమన్నారు. "ఆటలో నేను సేవ్ చేసుకున్నవేవీ చెరిపెయ్యలేదు కదా?"

"లేదండీ. గుమ్మం దాటలేదు," అన్నాను.

అయినా ఆయన సంచి కింద పడేసి, నా పక్కనుంచి వంగి అన్నీ ఒక్కొక్కటిగా సరిచూసుకున్నారు.