గడ్డకట్టని ఊట గురించి ఒక్క వాక్యం

అక్టోబరు నెల. మధ్యాహ్నం రెండూ ముప్పావుకు ట్రక్కు చివరి మలుపు దగ్గర దింపేసింది. అక్కడి నుంచి పోస్టుకు గంటన్నర నడక. ఎత్తు తొమ్మిది వేల ఆరు వందల అడుగులు. వీపు మీద పద్దెనిమిది కిలోల సామాను, భుజాన రైఫిల్, నడుముకు నీళ్ళ సీసా. చొక్కా జేబులో మంత్రాలయం మృత్తిక పొట్లం. అమ్మ మఠం నుంచి తెచ్చి పెట్టిన మట్టి అది. పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాను. పైకి చేరేసరికి చీకటి పడుతోంది. క్షేమంగా చేర్చినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను.

ఊరి పేరు రాయను. ఒకసారి రాశాను, చాలు.

ఈశాన్య సరిహద్దులో ఉందని మాత్రం చెబుతాను. ఇరవై రెండు ఇళ్ళు. రాతి గోడలు, పైన చెక్క పలకలు. ఊరికి నాలుగు వందల అడుగుల పైన మా పోస్టు. మహిళా సెక్షన్‌లో ఆరుగురం. చెక్‌పోస్టులో ఆడవాళ్ళ సంచులు తనిఖీ చేయాలి. వారానికి మూడు గస్తీలు తిరగాలి. మాది సరిహద్దు దళం. మా పల్లెలో మాత్రం యూనిఫాం వేసుకున్నవాళ్ళందరూ మిలిటరీయే. "మిలిటరీలో ఏం జూసినావక్కా?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. మంచు చూశానని చెప్పి తప్పించుకుంటుంటాను.

మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట్లో పుట్టింది, నాకంటే మూడేళ్ళు పెద్ద. అక్కడ అందరినీ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఆమె ఎమ్మిగనూరు, నేను ఆదోని. మొదటి రోజు బంకరులో పొయ్యి దగ్గర ఆమే పలకరించింది.

"యా ఊరుప్పా నీది?"

"ఆదోని పక్కన పల్లె, అక్కా."

"ఓహో, ఆదోనోళ్ళా! ఈడ మలుపుకొక వాగుంది. అన్ని నీళ్ళు ఒక్కసారే సూస్తే కండ్లు తిరిగి పడ్తావు. పట్టుకోల్లా నిన్ను?"

"మీ ఎమ్మిగనూర్లో సముద్రముందా అక్కా?"

పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుగు రాకపోయినా మా నవ్వు చూసి నవ్వారు.

ఆమె అన్నది నిజమే. గస్తీలో ప్రతి వాగు దగ్గరా నిలబడిపోయేదాన్ని. మా పల్లెలో ఎండాకాలం ట్యాంకరు వస్తుందంటే తెల్లారకముందే బిందెలు వరసపెట్టేవాళ్ళం. ఒక ఊరి మంచిచెడ్డ విచారిస్తే మావాళ్ళ మొదటి మాట "నీళ్ళెట్లుండాయి?" పిల్లనివ్వాలన్నా అదే, భూమి కొనాలన్నా అదే. నీళ్ళున్నాయంటే ఆ ఊరిని ఇంకేమీ పొగడనక్కరలేదు. నా తప్పుకు ఇది సాకు కాదు. తప్పు ఎక్కడ మొలిచిందో చెబుతున్నాను.

నేను బడికి పోలేదు. అమ్మ ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఇంట్లో పని చేసేది. నన్నూ వెంట తీసుకుపోయేది. ఆ ఇంటి పెద్దావిడను అందరం సేటమ్మ అనేవాళ్ళం. ఆమె నన్ను వంటింటి గట్టు మీద కూర్చోబెట్టుకుని తెలుగూ హిందీ దిద్దించింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించింది. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందంటారు. అది ఆమె దస్తూరి. ఆమెను తలుచుకోని రోజు లేదు. ఆ దస్తూరితో నేను చేసిన పని మాత్రం ఆమెకు చెప్పలేదు.

జనవరిలో చలి సున్నాకు పద్నాలుగు డిగ్రీల కిందికి పోయింది. వాగులన్నీ రాయి అయిపోయాయి. పోస్టుకు నీళ్ళు తెచ్చే పైపు పగిలింది. మంచు కరిగిద్దామంటే కిరోసిన్ నాలుగు రోజులకే ఉంది. మనిషికి రోజుకు రెండు లీటర్ల నీళ్ళని ఆర్డరు వచ్చింది. ఆడవాళ్ళకు ఆ రెండు లీటర్లు ఏ మూలకు? నాకు జ్వరం పట్టుకుంది. మూత్రంలో మంట. చెప్పుకోవడానికి సిగ్గేసి గస్తీకి పోయాను.

ఆ ఉదయం ఐదూ నలభైకి ఎమ్మిగనూరు అక్కా నేనూ ఊరి వెనక నుంచి తిరిగి వస్తున్నాం. ఒక ముసలామె ఎదురైంది. ప్రతి వారం చెక్‌పోస్టు దాటి ఎండు జున్ను అమ్ముకోవడానికి పోయే మనిషి. మేమిద్దరం ఆమెను అవ్వ అనేవాళ్ళం. నా మొహం చూసింది, పెదవులు చూసింది. ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకుని ఒక బండ కిందికి తీసుకుపోయింది. అక్కడ మోకాలెత్తు చెక్క తలుపు. తలుపు తీస్తే లోపల ఊట. జానెడు వెడల్పు. పైన సన్నగా ఆవిరి లేస్తోంది. లోకమంతా గడ్డకట్టిన చోట ఆ నీళ్ళు కదులుతున్నాయి.

అవ్వ చెక్క ముంతతో తొలి ముంత ముంచి తిరిగి ఊటలోనే పోసింది. ఊరి ఆడవాళ్ళలో పెద్దది ఆమె. రోజూ ఆమె ముంచాకే మిగతావాళ్ళు ముంచుకుంటారట. రెండో ముంత నా చేతికిచ్చింది. గుడిలో తీర్థం పట్టినట్టు రెండు చేతులా పట్టుకుని తాగాను.

తర్వాత అవ్వ తనకొచ్చిన కాస్త హిందీలో చెప్పింది. "చలికాలం నాలుగు నెలలు అన్ని ఇళ్ళకూ ఇదొక్కటే. రోడ్డు పనివాళ్ళు వచ్చినప్పుడు ఒక చలికాలం మొత్తం తోడేసుకున్నారు. ఆ ఏడు మా పశువులు పోయాయి. మీకు కావలసినంత పట్టుకోండి తల్లీ. కాగితం మీద మాత్రం పెట్టకండి."

నేను జేబులోంచి మృత్తిక పొట్లం తీసి కళ్ళకద్దుకున్నాను. "మంత్రాలయం సామి ఆన, రాయను" అన్నాను తెలుగులోనే. అక్క హిందీలో చెప్పింది.

అవ్వ బోసినోటితో నవ్వింది. "మీ దేవుడు ఇంత దూరం వస్తాడా?"

"వస్తాడు" అన్నాను.

పైపు బాగయ్యేదాకా ముప్పై ఎనిమిది రోజులు, మా ఆరుగురి కోసం ప్రతి వేకువా ఒక క్యాను ఆ తలుపు పక్కన నిండి ఉండేది. నా జ్వరం తగ్గింది.

ఏప్రిల్లో పైనుంచి ఒక ఫారం వచ్చింది. సరిహద్దు ఊళ్ళను చూడటానికి వచ్చేవాళ్ళకూ, డబ్బు పెట్టేవాళ్ళకూ పరిచయం చేయాలట. నాలుగు పేజీలు, పద్నాలుగు కాలమ్‌లు. గడువు మూడు రోజులు. దస్తూరి బాగుంటుందని పోస్టు కమాండర్ నాకిచ్చారు. ఎత్తు, ఇళ్ళు, దారి, పంట, పండుగలు అన్నీ రాసి తీసుకుపోయాను. ఆయన చదివి మీసం దువ్వుకున్నారు.

"ఆదోనీ, రాత బంగారం. విషయం మాత్రం ఏ కొండకైనా అతికించవచ్చు. కొండ, మంచు, చెట్లు! ఈ ఊళ్ళో మాత్రమే ఉన్నది ఏదైనా రాయి. బాగా రాస్తే రోడ్డు బాగుపడుతుంది, నర్సు వస్తుంది. నీ పేరు నేనే పైకి పంపుతాను."

నర్సు కోసమే రాశానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నా పేరు పైకి పోతుందన్న మాట దగ్గర నా చెయ్యి కదిలింది. బడి మొహం చూడని పిల్ల పేరు పైకి పోతుంది!

రెండూ పదికి పదకొండో కాలమ్ నింపాను. ప్రత్యేక ఆకర్షణలు: "ఈ గ్రామంలో ఏడాది పొడవునా గడ్డకట్టని తీయని ఊట ఉంది." పక్కనున్న నీటి వసతి కాలమ్‌లో "సమృద్ధి" అని రాశాను. మా సీమలో ఒక ఊరికి అంతకంటే పెద్ద దీవెన లేదు. రాసింది చూసుకుని మురిసిపోయాను కూడా. మృత్తిక పొట్లం అప్పుడూ జేబులోనే ఉంది.

ఆ వారం కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. సాయంత్రం ఐదుకు గడువు. వైర్‌లెస్‌లో చదివి వినిపించమన్నారు. నాలుగూ ముప్పై ఐదుకు అక్క సెట్టు ముందు కూర్చుంది.

"బేస్, బేస్, పోస్ట్ త్రీ. గ్రామ వివరాలు, రాసుకోండి. ఓవర్."

"పోస్ట్ త్రీ, చెప్పండి. ఓవర్."

పది కాలమ్‌లు చదివింది. పదకొండు దగ్గర బటన్ మీది నుంచి బొటనవేలు తీసేసింది. నా వైపు తిరిగింది.

"ఇదేందిప్పా?"

"నీళ్ళ గురించి అక్కా."

"కనపడతాంది. అవ్వకేమని సెప్పినావు? సామి ఆన పెట్టింటివి కదా."

"మంచికే కదక్కా. నర్సమ్మ వస్తాది."

"వచ్చే నర్సమ్మ నీళ్ళు తాగదా? ఆమె యెనక వచ్చేటోళ్ళు తాగరా?"

సెట్టు గరగరలాడింది. "పోస్ట్ త్రీ, పదకొండు చెప్పండి. ఓవర్."

"సదవల్లా? వద్దను, ఈడ గీత కొట్టి పారేస్తా. ఎవురికీ తెల్దు. సెప్పు ఆదోనీ."

గడియారం చూశాను. నాలుగూ యాభై రెండు. కమాండర్ టీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనకు మా మాటలు తెలియవు. వద్దు అనడానికి రెండక్షరాలు చాలు.

"చదువక్కా" అన్నాను.

చదివింది. అవతలివాళ్ళకు సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నారు. "గడ్డకట్టని" అని గట్టిగా మళ్ళీ చెప్పింది. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, ఆ పూట రొట్టె పట్టుకుని దూరంగా పోయి కూర్చుంది. నాలుగు రోజులు నన్ను ఆదోని అనలేదు. బెల్టు నంబరుతో పిలిచింది.

జూన్‌లో ఊట చూడటానికి జీపులు వచ్చాయి. జులైలో నాకు మెచ్చుకోలు కాగితం వచ్చింది. పొద్దున అందరం వరసకట్టే ఫాలిన్‌లో కమాండర్ చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కొట్టిందో లేదో నేను అటు చూడలేదు. సెప్టెంబరులో రోడ్డు పనివాళ్ళు వదిలేసిన పాత షెడ్డుకు రంగులు వేసి బయటివాళ్ళెవరో వసతి గృహం చేశారు. ఊట చెక్క తలుపు నుంచి ఆ వసతి గృహం కప్పు మీది ట్యాంకు దాకా అంగుళం నల్ల పైపు పరిచారు. ఊళ్ళో నలుగురికి పని దొరికింది. మంగళవారాలు నర్సు కూడా వచ్చింది. అవీ చెప్పాలి.

నేను ఒకసారి కమాండర్ దగ్గరికి పోయాను. చలికాలం ఊరికి నీళ్ళు చాలవని చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "ఫారంలో సమృద్ధి అని నువ్వే రాశావు కదమ్మా" అన్నారు. సెల్యూట్ చేసి బయటికి వచ్చాను.

ఆ వారమే అవ్వ చెక్‌పోస్టుకు వచ్చింది. డ్యూటీ నాది. ఆమె సంచిలో చెయ్యి పెట్టి జున్ను ముక్కలు కదిపి చూడాలి. చూశాను. తల ఎత్తలేదు. ఊట గురించి మీ పోస్టు అమ్మాయే రాసిందని జీపులో వచ్చినవాళ్ళు ఊరందరికీ చెప్పారట. అవ్వ తిట్టలేదు. చాలా మెల్లగా అడిగింది.

"మీ దేవుడు వచ్చాడా తల్లీ?"

సంచి మూతి కట్టి ఆమె చేతికిచ్చాను.

అక్టోబరులో మా సెక్షన్‌ను వేరే చోటికి మార్చారు, ఉదయం ఏడింటికి బయలుదేరాం. దిగేటప్పుడు ఊరి వైపు రెండుసార్లు చూశాను. అవ్వ రాలేదు. వస్తుందని చూశాను, దాచను. దారిలో కాలు జారి మోకాలు విరిగింది. ఆరు నెలలు ఆసుపత్రి, తర్వాత వైద్య కారణాల మీద విడుదల. విడిపోయేటప్పుడు అక్క నా మంచం దగ్గరికి వచ్చి "ఆదోనీ, పోయిరాప్పా" అంది. అంత దయ నాకు తగదు.

ఆదోని స్టేషన్‌లో దిగిన రోజే అమ్మ అంది, "మంత్రాలయం పోదాం పా, నువ్వు సల్లంగ వస్తే తీసకపోతానని మొక్కినా." మోకాలు నొప్పి అన్నాను. ఏడాది దాటింది. మోకాలు ఎప్పుడో నయమైంది. ఆదోని నుంచి ఎన్ని బస్సులు పోతాయో మీకు తెలుసు. ఒక్కటీ ఎక్కలేకపోయాను.

మొన్న ఫిబ్రవరిలో సేటమ్మను చూడబోయాను. ఆమె కోడలు మంచు చూడటానికి పోయి అప్పుడే తిరిగి వచ్చింది. నన్ను చూడగానే ఫోను పట్టుకుని పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వు డ్యూటీ చేసిన కొండలకే పోయినాము! అంత చలిలో కొళాయి తిప్పితే నీళ్ళక్కా! ఊట నీళ్ళంట, గడ్డే కట్టవంట. రూములో కార్డు మీద రాసిపెట్టినారు. మంచి ఊరు కదక్కా?"

"మంచి ఊరమ్మా" అన్నాను.

"నా చేతికింద అక్షరాలు దిద్దిన పిల్ల కాపలా కాసిన ఊరు" అంది సేటమ్మ, నా తల మీద చెయ్యి వేసి. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

కోడలు ఫోను నా చేతికిచ్చింది. ఫొటోలో ఎర్ర టోపీ పెట్టుకుని ఆమె నవ్వుతోంది. ఆమె భుజం వెనక బండ, బండ కింద చెక్క తలుపు. తలుపు ముందు మంచు మీద బిందెలు, క్యాన్లు, కెటిళ్ళు ఒకదాని వెనక ఒకటి, మా పల్లెలో ట్యాంకరు కోసం పెట్టినట్టే వరసగా ఉన్నాయి. వేళ్ళతో ఫొటో పెద్దది చేశాను. ఊరిలో అందరికంటే ముందు ముంచే అవ్వ ఆ వరసకు కొసన మంచులో కూర్చుని ఉంది. చెక్క ముంత ఒళ్ళో బోర్లించి ఉంది.